అప్పూ, బొంకూ

అప్పు గురించి మాట్లాడేటప్పుడు మన తెలుగువాళ్ళు వాడే మాటలు ఎప్పుడైనా గమనించారా? అడిగినచోట డబ్బు దొరక్కపోతే "అప్పు పుట్టలేదు" అంటాం. దొరికితే పుట్టిందన్నమాట. పుట్టినదేదీ పుట్టినట్టు ఉండదు కదా, పెరుగుతుంది. వడ్డీ అనే మాట 'వృద్ధి' అనే సంస్కృతపదం నుంచి వచ్చిందే. అలా పెరిగి పెరిగి నెత్తికెక్కుతుంది. చిట్టచివరికి, అందరి అదృష్టమూ బాగుంటే, తీరుతుంది. ఇలా చూస్తే పిల్లలకి వాడే మాటలు చాలావరకు అప్పుకీ సరిపోతాయి. ఒక్కటే తేడా. పిల్లవాడు పుడితే వీధి వీధంతా మిఠాయి పంచుతాం. అప్పు పుడితే కట్టుకున్న భార్యకైనా చెప్పం.

ఈ వారం ఈ సంగతి ఎత్తుకోవడానికి కారణం ఒక సోదరి రాసిన ఉత్తరం. పేరూ ఊరూ బయటపెట్టవద్దన్నారు కనుక పెట్టడం లేదు. భర్త ప్రభుత్వోద్యోగి. ఇద్దరు పిల్లలు, పెద్దమ్మాయి ఇంటర్మీడియెట్ చదువుతోంది. పదిహేడేళ్ళ కాపురంలో ఒక పూట పస్తున్నది లేదు, ఒకరిచేత మాటపడింది లేదు. అలాంటిది, మొన్నీమధ్య ఆవిడ తమ్ముడికి ఎవరో ఫోను చేసి, "మీ బావగారు మూడు వాయిదాలు కట్టలేదు, మీరైనా కాస్త చెప్పండి" అన్నారట. తమ్ముడు అక్కనడిగాడు. అక్కకి ఏమీ తెలియదు. ఆ రాత్రి భర్తని నిలదీస్తే ఒక అప్పు ఒప్పుకున్నారు. మర్నాడు ఇంకొకటి. వారం తిరిగేసరికి నాలుగు తేలాయి.

"ఎంత అప్పు ఉన్నదన్నది కాదండీ నా బాధ. నాలుగేళ్ళనుంచి రోజూ నా ఎదురుగా కూచుని అన్నం తింటూ, ఒక్కనాడైనా నాతో చెప్పాలనిపించలేదా? ఇప్పుడు ఆయన ఏం చెప్పినా నిజమో కాదో నాకు తెలియడం లేదు. మేమేం చేయాలి?" అని అడిగారు.

తెలుగు పాఠాలు చెప్పుకునే నన్ను ఈ ప్రశ్న అడిగారేమిటా అనుకున్నాను. ఉత్తరం రెండోసారి చదివితే ఇందులో రెండు ప్రశ్నలున్నాయని తోచింది. అప్పు ఎలా తీర్చాలన్నది ఒకటి. అది కూడికలూ తీసివేతలూ వచ్చినవాళ్ళెవరైనా చెప్పగలరు. ఎందుకు దాచారన్నది రెండోది. ఈ రెండోది తేలకుండా మొదటిదానికి ఎన్ని జవాబులు చెప్పినా నిలవవు. అది కాస్త మా పాఠాల్లోకి వచ్చే విషయమే.

గురజాడవారి 'కన్యాశుల్కం' తెలియనివారుండరు. 1909లో వచ్చిన రెండో కూర్పు విజయనగరంలో బొంకులదిబ్బ మీద మొదలవుతుంది. బొంకులదిబ్బ నిజంగా ఆ ఊళ్ళో ఉన్న చోటే. అయినా అంతకన్న తగిన చోటు గిరీశానికి ఎక్కడ దొరుకుతుంది? తెర లేచేసరికి పెద్దమనిషి ఒక్కడే నిలబడి తన చిక్కులు తలుచుకుంటూంటాడు. సంతలో సామాన్లు కొనిపెడతానని పూటకూళ్ళమ్మ దగ్గర పట్టుకెళ్ళిన ఇరవై రూపాయలు మరోచోట ఖర్చయిపోయాయి. ఆవిడకి మొహం చూపించలేడు. ఈలోగా ఫొటో తాలూకు బాకీకోసం నౌకరు వచ్చి పట్టుకుంటాడు. ఇక ఊళ్ళో నిలవడం కష్టమని, శిష్యుడికి చదువు చెప్పే వంకతో కృష్ణరాయపురం అగ్రహారానికి ప్రయాణం కడతాడు.

ఆ ఘట్టం క్లాసులో చెప్పేటప్పుడు పిల్లలు నవ్వుతారు. నవ్వవలసిందే. కాని ఒక సంగతి మాత్రం నవ్వులో జారిపోకూడదు. అప్పుపడ్డవాడు మొదట పోగొట్టుకునేది డబ్బు కాదు, నడిచే దారి. ఆ ఇంటి ముందునుంచి వెళ్ళలేడు, ఈ దుకాణం వైపు చూడలేడు. రెండోది మాట. అడిగిన ప్రతివాడికీ ఒక కథ చెప్పాలి. నిన్న ఎవరికి ఏ కథ చెప్పాడో ఇవాళ గుర్తుపెట్టుకోవాలి.

మన ఇళ్ళలో అప్పు చేసేవాళ్ళు గిరీశాలు కారు. ఎక్కువమంది పిల్ల ఫీజుకో, తండ్రి ఆపరేషనుకో, చెల్లెలి పెళ్ళికో, ఇంటిస్థలానికో చేతులు చాచినవాళ్ళే. "అప్పు చేసి పప్పు కూడు" అన్న సామెత మనకి ఎంత ఇష్టమంటే, విజయావారు 1959లో ఆ పేరుతో సినిమాయే తీశారు. కాని మధ్యతరగతి అప్పుల్లో పప్పు కూటికోసం చేసినవి తక్కువ. పరువుకోసం చేసినవి ఎక్కువ. పరువుకోసం చేసినది కనుకనే దాచవలసి వస్తుంది. బయటపడితే పరువు పోతుంది కదా!

అక్కడినుంచి బొంకులు వరస కడతాయి. ఫోను మోగగానే వసారాలోకి వెళ్ళి మాట్లాడడం. జీతం నాలుగు రోజులు ఆలస్యమైందని చెప్పడం. గాజులు మెరుగు పెట్టించడానికి ఇచ్చానని చెప్పడం. బంధువుల పెళ్ళికి సెలవు దొరకలేదనడం. అక్కడ బాకీ ఉన్నవాడు కూడా వస్తాడని అసలు భయం. ఒక బొంకు నిలబడాలంటే ఇంకో రెండు కావాలి. బారువడ్డీ, చక్రవడ్డీ అని లెక్కల మేష్టరు చెబుతారు కదా, బొంకుకి ఎప్పుడూ చక్రవడ్డీయే. అప్పు తీర్చడానికి మరో అప్పు చేసేదీ ఇక్కడే. ఇంట్లో చెప్పి ఖర్చు తగ్గించుకునే దారి మూసుకుపోయింది కనుక, ఇంట్లో తెలియకుండా దొరికే డబ్బే దిక్కవుతుంది. అలా దొరికే డబ్బు ఎప్పుడూ ఖరీదైనదే.

అయితే దాచే గుణం మగవాళ్ళ సొత్తని ఎవరూ అనుకోవద్దు. భర్తకి తెలియకుండా చీటీ పాడి పుట్టింటివాళ్ళకి సర్దిన ఇల్లాళ్ళు ఉన్నారు. పక్కింటావిడకోసం తన నగ కుదువబెట్టి, అది విడిపించలేక నిద్రలేని రాత్రులు గడిపినవారూ ఉన్నారు. అందరిదీ ఒకటే ఆశ: "ఎవరికీ తెలిసేలోగా తీర్చేద్దాం." ఆ సోదరి మొదటి ప్రశ్నకి నా జవాబు ఇదే. అమ్మా, మీమీద ప్రేమ లేక దాచి ఉండరు. మీ కళ్ళలో చిన్నవాణ్ణవుతానన్న భయంతో దాచి ఉంటారు. ఇది దాచినందుకు సమర్థన కాదు, కారణం మాత్రమే. కారణం తెలిస్తే కోపం ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

అప్పు అనగానే మనవాళ్ళు తలుచుకునే రెండోమనిషి హరిశ్చంద్రుడు. గౌరన ద్విపద కావ్యం మొదలు బలిజేపల్లివారి నాటకం దాకా మనం కన్నీళ్ళు పెట్టుకున్నది ఆయనకోసమే. ఇస్తానన్న సొమ్ము ఇవ్వడానికి రాజ్యం వదిలి కాశీకి నడిచి, ఆలినీ బిడ్డనీ అమ్మి, తానూ కాటికాపరికి అమ్ముడుపోయాడు. బొంకలేదు, నిజమే. కాని సంసారులకి ఆయన మార్గమూ పనికిరాదని నా మనవి. మాట నిలబెట్టుకోవడం ఆయన వంతు, అమ్ముడుపోవడం ఇంటిల్లిపాది వంతూ అయింది. ఆ కథలో ఒక గొప్ప ఉన్నది: తనని అమ్మమని ఆ ఇల్లాలే ముందుకు వచ్చింది. మన ఇళ్ళలో ఇల్లాలి గాజులు ఆవిడనడక్కుండానే బ్యాంకుకి వెళ్తున్నాయి. పరువున్న మనిషిగా మిగలాలని, ఉన్న ఒక్క ఇల్లూ అయినకాడికి అమ్మేసి, ఆ తరువాత ఇంట్లో చెప్పేవాళ్ళున్నారు. దాచి బొంకడం ఒక తప్పు. అడక్కుండా త్యాగం చేయించడం ఇంకో తప్పు.

ఈ రెండూ కాక మూడో దారి ఉన్నది. అందులో పద్యాలు లేవు, కన్నీళ్ళు లేవు. ఒక తెల్లకాగితం, ఒక కలం, భార్యాభర్తలిద్దరూ కూచోవడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు.

కాగితం మీద అయిదు గళ్ళు గీయండి. ఎవరికి ఇవ్వాలి, అసలు ఎంత మిగిలింది, వడ్డీ ఎంత, నెలకి ఎంత కడుతున్నాం, దానికి ఏమేం సంతకాలు పెట్టాం. చేబదులుగా తెచ్చిన రెండువేలతో సహా అన్నీ రాయాలి. ఆయన చెప్పేది నిజమో కాదో తెలియడం లేదన్నారు కదా, దానికొక ఉపాయం ఉన్నది. బ్యాంకుల దగ్గరా కార్డుల మీదా మనం చేసిన అప్పుల చరిత్ర అంతా రాసిపెట్టే సిబిల్ వంటి సంస్థలు నాలుగున్నాయి. ప్రతి ఒక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. అది 2017 నుంచి అమలులో ఉన్నది. భర్తగారు తన నివేదిక తానే తీసి మీ చేతిలో పెట్టవచ్చు. ప్రోనోటు అప్పులూ చేబదుళ్ళూ అందులో కనిపించవు, అవి ఆయన నోట రావలసిందే. మాటమీద నమ్మకం సడలినచోట కాగితం కొంత ఊతమిస్తుంది.

మూడో గడి నింపేటప్పుడు జాగ్రత్త. మన ఊళ్ళలో వడ్డీ నెలకి నూటికి రూపాయల్లో చెబుతారు. బ్యాంకులు ఏడాదికి నూటికి ఎంతో చెబుతాయి. "నూటికి రెండే" అంటే చెవికి చిన్నగా వినిపిస్తుంది. ఏడాదికి అది ఇరవైనాలుగు. ఒక తేలిక లెక్క చెబుతాను, గుర్తుంచుకోండి. నూరుని ఆ రూపాయలతో భాగిస్తే, బారువడ్డీ మీదే అసలుకి అసలు అయ్యేందుకు ఎన్ని నెలలు పడుతుందో వస్తుంది. నూటికి రెండయితే యాభై నెలలు. నూటికి మూడయితే ముప్ఫైమూడు నెలలు. ఇంటర్మీడియెట్‌లో చేరిన పిల్ల డిగ్రీ ముగించేలోగా అప్పు రెట్టింపన్నమాట. "ఫ్లాట్" అనే వడ్డీ మరో మాయ. లక్షకి పన్నెండువేలు వడ్డీ కలిపి పన్నెండు సమాన వాయిదాల్లో కట్టమంటారు. నెలనెలా అసలు తగ్గుతున్నా, వడ్డీ మాత్రం మొత్తం లక్షకీ వేసినట్టే. నిజమైన వడ్డీ ఏడాదికి నూటికి ఇరవైఒకటి దాటుతుంది.

ఇక ఆ సోదరి ఇంటి లెక్కే చూద్దాం. బ్యాంకు పర్సనల్ లోను మిగిలింది 3,00,000. వడ్డీ ఏడాదికి నూటికి 13. క్రెడిట్ కార్డు మీద 1,20,000. వడ్డీ నెలకి నూటికి మూడున్నర. ఒక పరిచయస్థుడి దగ్గర ప్రోనోటు మీద 2,00,000, నూటికి రెండు. తోడల్లుడి దగ్గర చేబదులు 50,000, వడ్డీ లేదు. మొత్తం 6,70,000.

అంకె చూసి గుండె ఝల్లుమంటుంది. నిజానికి చూడవలసింది నెలకయ్యే వడ్డీ. బ్యాంకుది నెలకి 3,250. ప్రోనోటుది 4,000. కార్డుది 4,200, దానిమీద నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. 756, వెరసి 4,956. మూడు లక్షల అప్పుకన్న లక్షా ఇరవైవేల అప్పే ఎక్కువ తింటోంది! ఆయన ప్రతి నెలా కార్డుకి "కనీస చెల్లింపు" అని ఆరువేలు కట్టి, కట్టానని ఊపిరి పీల్చుకుంటున్నారు. ఆ ఆరువేలలో అసలుకి జమ అయ్యేది 1,044 రూపాయలు. మిగతాది వడ్డీకీ పన్నుకీ సరి. కనీస చెల్లింపు అన్నది కార్డువాడికి కనీసం, మనకి కాదు.

మన ఇళ్ళలో ఏ అప్పు ముందు కడతాం? ఎవడు గట్టిగా అరిస్తే వాడిది. అది పొరపాటు పద్ధతి. అన్నిటికీ వాయిదా తప్పకుండా కట్టవలసింది కట్టి, మిగిలిన ప్రతి రూపాయీ వడ్డీ ఎక్కువున్న అప్పుమీద పెట్టాలి. ఈ ఇంట్లో అది కార్డు. కార్డు బాకీని తక్కువ వడ్డీ వాయిదాలుగా మార్చమని ఆ బ్యాంకునే అడగవచ్చు. లేదా, ఆ సోదరి తానుగా ఒప్పుకుంటే, కొంత బంగారం బ్యాంకులో పెట్టి కార్డు బాకీ ఒక్కసారిగా తీర్చవచ్చు. బంగారంమీద ఏడాదికి నూటికి పది వడ్డీ అనుకుంటే 1,20,000కి నెలకి వెయ్యి రూపాయలు. నెలకి దాదాపు నాలుగువేలు మిగులుతుంది. ఆ నాలుగువేలూ ప్రోనోటు అసలు తగ్గించడానికి వెళ్ళాలి. ఒక షరతు: బంగారం గడప దాటిన రోజునే కార్డు రెండు ముక్కలు కావాలి. లేకపోతే ఆరునెలల్లో బంగారమూ బ్యాంకులో ఉంటుంది, కార్డు బాకీ మళ్ళీ మొదటికి వస్తుంది. గడువులోగా తీర్చకపోతే నగ వేలానికి పోతుందన్నది మరిచిపోకూడదు.

తోడల్లుడి చేబదులుకి వడ్డీ లేదు కనుక లెక్క ప్రకారం అది ఆఖరిది. మర్యాద ప్రకారం మాత్రం మొదట వెళ్ళవలసింది ఆయన దగ్గరికే. "అన్నయ్యగారూ, ఇప్పుడు ఇవ్వలేను, వచ్చే ఏడాది ఉగాదినుంచి నెలకి అయిదువేల చొప్పున ఇస్తాను" అని ఇద్దరూ వెళ్ళి చెప్పండి. వడ్డీ లేని అప్పు ఇచ్చినవాడు కోరేది ఆ ఒక్క మాటే. అది చెప్పకనే ఎన్నో చుట్టరికాలు చెడిపోయాయి.

బ్యాంకుకి కూడా వాయిదా తప్పకముందే వెళ్ళాలి. తప్పకముందు వెళ్ళినవాడు ఖాతాదారు. తప్పాక వెళ్ళినవాడు బాకీదారు. గడువు పెంచి నెలవారీ వాయిదా తగ్గించమని అడగడం నామోషీ కాదు. గడువు పెరిగితే మొత్తంమీద వడ్డీ పెరుగుతుందని తెలిసే అడగండి. "ఇంత కట్టు, మిగతాది వదిలేస్తాం" అని వాళ్ళంతట వాళ్ళు అంటే మురిసిపోకండి. ఆ ఖాతా మీ నివేదికలో "పూర్తిగా తీరింది" అని కాక "సెటిలైంది" అని పడుతుంది. రేపు ఇంటి అప్పుకి వెళ్తే ఆ మాట అడ్డం వస్తుంది. గత్యంతరం లేకపోతే సరే, రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రోనోటు దగ్గర మన అలసత్వం మరీ ఎక్కువ. కట్టినప్పుడల్లా నోటు వెనక చెల్లు రాయించుకోవాలి. పూర్తిగా తీరినరోజున నోటు వెనక్కి తీసుకోవాలి. "మనలో మనకి కాగితాలేమిటి" అనేవారే రేపు కాగితం చూపిస్తారు. ఖాళీ నోటుమీద సంతకం చేస్తే, దాన్ని నింపుకునే అధికారం కూడా ఇచ్చినట్టే. ఖాళీ చెక్కు అంతకన్న ప్రమాదం. తీర్చవలసిన బాకీకి ఇచ్చిన చెక్కు ఖాతాలో డబ్బు లేక తిరిగివచ్చి, నోటీసు అందిన పదిహేను రోజుల్లో సొమ్ము చెల్లించకపోతే, 1988లో చేర్చిన 138వ సెక్షను కింద అది క్రిమినల్ కేసవుతుంది. రెండేళ్ళదాకా శిక్ష పడవచ్చు.

ఇది తప్పించి, ఉత్త బాకీ నేరం కాదు. ఈ సంగతి తెలియకనే చాలామంది భయంతో కొత్త అప్పులు చేస్తున్నారు. బాకీ సివిలు వ్యవహారం. పోలీసులు వచ్చి పట్టుకుపోయేది కాదు. కోర్టు డిక్రీ ఇచ్చినా జీతమంతా జప్తు చేయడానికి వీల్లేదు. మొదటి వెయ్యి రూపాయలూ, మిగిలినదానిలో మూడింట రెండువంతులూ ఉద్యోగికి వదలవలసిందే. 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యరుగారు ఒక గొప్ప తీర్పు చెప్పారు. చెల్లించే శక్తి లేనంతమాత్రాన మనిషిని సివిలు జైల్లో పెట్టరాదు. శక్తి ఉండీ దురుద్దేశంతో ఎగ్గొడితేనే అన్నారు. చూశారా, న్యాయస్థానం కూడా లేమికీ బొంకుకీ తేడా చూసింది.

మరి వసూలుకి వచ్చేవాళ్ళ సంగతి? హరిశ్చంద్రుడి వెంట కాశీదాకా నడిచి వేధించిన నక్షత్రకుడు మన భాషలో జాతీయమే అయిపోయాడు. వాడు వెంట నడిచేవాడు కనుక వాడికీ కాళ్ళు నొప్పిపుట్టేవి. ఇప్పటి నక్షత్రకుడు ఫోనులో ఉంటాడు, అలసట లేదు. 2015లో విజయవాడలో కాల్‌మనీ వ్యవహారం బయటపడినప్పుడు, వడ్డీవ్యాపారుల చేతుల్లో ఆడవాళ్ళు పడ్డ అవమానాలు చదివి రాష్ట్రమంతా నివ్వెరపోయింది. 2020 చివర ఫోను యాప్‌లలో అప్పు తీసుకున్నవాళ్ళు తెలంగాణలో ఆ వేధింపులకి ప్రాణాలు తీసుకున్నారు. ఫోనులో ఉన్న పేర్లన్నీ లాగి, బంధువులకీ స్నేహితులకీ నిందలు పంపడం వాళ్ళ పద్ధతి. దాని బలమంతా ఎక్కడున్నదో గ్రహించండి. మనం దాచాం కనుక వాళ్ళు బయటపెడతామని బెదిరించగలుగుతున్నారు. ఇంట్లో అందరికీ ముందే తెలిసిన అప్పుని ఎవరికి చెప్పి బెదిరిస్తారు?

రిజర్వు బ్యాంకు 2022లో ఈ విషయంలో కొన్ని కట్టుదిట్టాలు చేసింది. వసూలు ఏజెంట్లు ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తరువాత ఫోను చేయకూడదు. బాకీదారుని నలుగురిలో అవమానించకూడదు. కుటుంబసభ్యుల, స్నేహితుల జోలికి పోకూడదు. అప్పులిచ్చే యాప్‌లు ఫోనులో ఉన్న పేర్లూ ఫొటోలూ ముట్టుకోకూడదు. ఆ సోదరి తమ్ముడికి ఫోను చేసినవాళ్ళమీద ముందు ఆ అప్పిచ్చిన సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పెట్టుకోవచ్చు. 14448 నంబరుకి ఫోను చేస్తే దారి చెబుతారు. ఊరూపేరూలేని యాప్‌లవాళ్ళయితే 1930కి చెప్పి పోలీసులని ఆశ్రయించాలి. ఇంట్లో ఎవరైనా అప్పులు తలుచుకుని తిండి మానేసినా, "నేను లేకపోతే మీరు సుఖపడతారు" వంటి మాట అన్నా, అది మామూలు మాటగా తీసుకోకండి. ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ వారి 14416 నంబరుకి రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

అప్పులో ఇంకో రకం ఉన్నది: మనం తిననిది, మనం కట్టేది. అదే హామీ సంతకం. మా కాలేజీ స్టాఫ్‌రూముల్లోనూ, అన్ని ఆఫీసుల్లోనూ ఇది నెలకొకసారి వచ్చే చిక్కే. "ఊరికే ఫార్మాలిటీ అండీ" అంటూ చీటీ కాగితాలో లోను కాగితాలో ముందుకి జరుపుతారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, కాగితంలో వేరే షరతు లేకపోతే, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీదారు బాధ్యతా అంతే. ముందు అతన్ని అడిగి తరువాత మనదగ్గరికి రావాలన్న నియమం కూడా లేదు. అంచేత "ఈ సొమ్ము నేనే కట్టవలసి వస్తే కట్టగలనా?" అని ఇంట్లో అడిగి, కట్టగలిగితేనే సంతకం చేయాలి. అయిదో గడిలో ఈ సంతకాలు కూడా రాయమన్నది ఇందుకే.

పిల్లలకి చెప్పాలా అని చాలామంది సందేహిస్తారు. పదహారేళ్ళ పిల్లకి చెప్పవచ్చు, చెప్పాలి. భయపెట్టడానికి కాదు. ఇంట్లో ఏదో జరుగుతోందని వాళ్ళకి ఎలాగూ తెలుస్తుంది; తెలియనిది పేరొక్కటే. పేరులేని భయంకన్న లెక్కతెలిసిన కష్టం నయం. తండ్రి బాకీలు తమ మెడకి చుట్టుకుంటాయన్న బెంగ కూడా వాళ్ళకి అక్కరలేదు. పితృణం తీర్చడం కొడుకు ధర్మమనే పాత హిందూ న్యాయాన్ని, 2005 సెప్టెంబరు 9 తరువాత చేసిన అప్పుల విషయంలో, హిందూ వారసత్వ చట్ట సవరణ తీసివేసింది. తండ్రి ఆస్తి ఎంత వచ్చిందో అంతవరకే బాకీకి బాధ్యత. తానే హామీ సంతకం పెడితే మాత్రం అది వేరు. చట్టం సంగతి అలా ఉంచితే, పిల్లలకి నిజంగా సంక్రమించేది అప్పు కాదు, అప్పుని దాచే అలవాటు. అది చూసి నేర్చుకుంటారు.

ఆ సోదరికి ఇంకొక్క మనవి. ఆ కాగితం రాసే పూట, "ఎందుకు చేశారు" అన్న ప్రశ్న పక్కన పెట్టండి. ఆ ప్రశ్నకి ఇంకా చాలా రోజులున్నాయి. అడిగే హక్కు మీకున్నది, జవాబు చెప్పే బాధ్యత ఆయనకున్నది. కాని అంకెలు రాస్తున్నప్పుడు ఆ ప్రశ్న వస్తే అంకెలు ఆగిపోతాయి, చివరి అప్పు బయటికి రాదు. కాగితం నిండాక ఇద్దరూ కింద తేదీ వేసి, ప్రతి నెలా ఒకటో తారీకున దానిని బయటికి తీయండి. మొదటి రెండుమూడు నెలలు అంకెలు పెద్దగా కదలవు. కాని ఫోను మోగినప్పుడు ఆయన వసారాలోకి వెళ్ళడం మానేస్తారు. అప్పు తీరుతోందనడానికి మొదటి గుర్తు అదే.

వాయిదా అనే మాట మనకి అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. అక్కడ దాని అర్థం, ఇచ్చిన మాట. మనం దాన్ని రెండు విధాలా వాడుకుంటున్నాం: అన్నరోజున కట్టేదీ వాయిదాయే, రేపటికి నెట్టేదీ వాయిదాయే. నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో నడిచింది రెండోది. ఈ ఆదివారం నుంచి మొదటిది నడవాలని కోరుకుంటున్నాను.